పిన్ని చెప్పని స్తోత్రం

మా పిన్ని పోయిన వార్త నాకు రెండుసార్లు అందింది. ఆ ఉదయం స్నానం చేసి వద్దామని ఆసుపత్రి నుంచి యూసుఫ్‌గూడలోని ఇంటికి వెళ్ళాను. నర్సు ఫోన్ చేసి, "సార్, మీ పేషెంట్ పోయింది, జల్ది రండి" అంది. నేను ఆటో ఎక్కి కృష్ణానగర్ దాటేలోపే పిన్ని వెళ్ళే చర్చి సంఘం వాళ్ళు అందరికీ పంపిన మెసేజ్ నా సెల్‌ఫోన్‌కీ వచ్చింది. మన సహోదరి స్తుతులు చెల్లిస్తూ మహిమలో ప్రవేశించారు అని ఉంది అందులో.

నర్సు చెప్పింది నిజం. మహిమ సంగతి నాకు తెలియదు. అది విలేకరి కనుక్కోగలిగింది కాదు. "స్తుతులు చెల్లిస్తూ" అన్న రెండు మాటలు మాత్రం నేను కళ్ళారా చూసినదానితో సరిపోవు. ఆ రెండు మాటల కోసమే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా అమ్మకు చెల్లెలు. తెనాలిలో పుట్టి, సినిమా సెట్లు కట్టే వడ్రంగిని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. పిల్లలు లేరు. బాబాయి చిన్న వయసులోనే పోయాడు. ఆ తర్వాత ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పుకుని బతికింది. తెర మీద తల్లి ఏడుస్తుంటే చాలాసార్లు ఆ గొంతు మా పిన్నిది. పేరు పడేది కాదు. కృష్ణానగర్ కిరాణా కొట్టులో ఆవిడ కందిపప్పు అడిగితే, పక్కన నిలబడ్డవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. ఎక్కడో విన్న గొంతు అని.

నాకు పత్రికలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ మేడమీద గదిలో దిగాను. మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. పనున్న నాడు పిన్ని పచ్చడి ముట్టేది కాదు. బుగ్గన లవంగం పెట్టుకుని, గొడుగు వేసుకుని, ఎండలో ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కి వెళ్ళేది. ఆదివారం పొద్దున సంఘంలో పిల్లలకు పాఠం చెప్పేది. మధ్యాహ్నం నాకు అన్నం పెట్టేది. భోజనానికి ముందు ప్రార్థన మాత్రం కూర చల్లారేదాకా సాగేది. అందులో దేవుడి గుణగణాల వర్ణన ఉండేది కాదు, మనుషులుండేవారు. గ్యాస్ బండ మేడెక్కించిన అబ్బాయి, తన దగ్గు టేపులో వినపడకుండా చేసిన సౌండ్ ఇంజనీరు, బస్సు కదలబోతుంటే ఆపిన డ్రైవరు. వాళ్ళను పంపినందుకు దేవుడికి వందనాలు. తొందరగా కానిమ్మని నేనొకసారి గొణిగితే, "కృతజ్ఞత చిల్లరగా చెప్పాలిరా, హోల్‌సేల్‌గా చెబితే ఎవరికీ అందదు" అంది.

నేను అప్పటికే ఆరాధనకు వెళ్ళడం మానేశాను. ఆవిడ రమ్మని అడిగేది కాదు. వాదన మాత్రం ప్రతి ఆదివారం జరిగేది, ఎక్కువగా నేనే మొదలుపెట్టేవాణ్ణి. దేవుడికి అన్నీ ముందే తెలుసంటారు, తెలిసినదే జరుగుతుందంటారు, మరి నేను ఆయన్ను కాదనడం కూడా ముందే రాసి ఉంటే తప్పు నాదెలా అవుతుందని అడిగాను. ఆవిడ తన పనిలోంచి జవాబు చెప్పింది.

"నేను మైకు ముందుకు వెళ్ళేసరికి బొమ్మలో పెదాలు కదిలిపోయే ఉంటాయి. డైలాగు రాసే ఉంటుంది. నేను మార్చేదేం లేదు. కానీ ఆ ఏడుపు ఏడవాల్సింది నేనే కదరా. పొడిగా చదివేసి ఇంటికొచ్చేయొచ్చు. మనసు పెట్టి ఏడవొచ్చు. ఆ కాస్తా ఆయన నాకొదిలేశాడు."

"బాగా లేకపోతే డైరెక్టర్ వన్ మోర్ అంటాడుగా" అన్నాను.

"ఆ వన్ మోర్‌నే మనం దయ అంటాం" అని నవ్వి, నా కంచంలో ఇంకాస్త చారు పోసింది.

ఆయనకు మన పొగడ్తలెందుకని ఇంకో వారం అడిగాను. ఆయనకు అక్కర్లేదనీ, మనకే అవసరమనీ చెప్పింది. అడిగి పెట్టించుకున్న దండం దండం కాదని కూడా అంది. ఈ మాట ఆవిడ నోట చాలాసార్లు విన్నాను. తర్వాత దీనికి ఎంత ఖరీదు కట్టాల్సి వచ్చిందో కూడా చూశాను.

మా పిన్ని వెళ్ళే సంఘం మొదట యూసుఫ్‌గూడలో రేకుల షెడ్డు. కంప్యూటర్ ఉద్యోగాలు వచ్చిన కుర్రకారుతో అది నిండిపోయింది. పాస్టరు అయ్యగారు జూబ్లీహిల్స్‌లో ఒక ఫంక్షన్ హాలును ఆదివారాలకు కిరాయికి తీసుకున్నారు. ముందు రోజు పెళ్ళి బిర్యానీ వాసన పోకముందే అక్కడ ఆరాధన మొదలయ్యేది. కెమెరా వచ్చింది, కేబుల్ చానల్లో అరగంట కార్యక్రమం వచ్చింది. అందులో జనం ఎక్కువగా చూసేది సాక్ష్యాలు. ఉద్యోగం వచ్చినవాడూ జబ్బు నయమైనవాడూ లేచి నిలబడి, దేవుడు తనకేం చేశాడో నలుగురిలో చెప్పడాన్ని సాక్ష్యమంటారు. ఎవరైనా పోతే ఏడాదికి కృతజ్ఞతా కూడిక పెడతారు. ఆ ఇంటివాళ్ళు లేచి, జరిగినదానికి కూడా దేవుడికి స్తోత్రం చెప్పాలి. చెప్పి తీరాలని ఎక్కడా రాసి లేదు. అందరూ చెబుతారు, అంతే.

కృష్ణానగర్‌లో ఒక జూనియర్ ఆర్టిస్ట్ ఉండేది. సినిమాల్లో గుంపులో నిలబడే మనిషి, మెదక్ వైపు నుంచి వచ్చింది. ఒక్కతే కూతురు. ఆ పిల్ల కాల్ సెంటర్లో చేరి ఏడాది కాకుండానే, డ్యూటీ దిగి పొద్దున ఇంటికొస్తుంటే కంపెనీ సుమో డివైడర్‌ను కొట్టి చనిపోయింది. మా పిన్ని దగ్గర ఆదివారం పాఠాలు నేర్చుకున్న పిల్ల.

ఏడాదికి కూడిక పెట్టారు. పిన్ని ఆ రోజు డబ్బింగ్ పనిమీద మద్రాసులో ఉంది. తల్లి లేచి మాట్లాడింది, కెమెరా తీసింది. పది రోజుల తర్వాత అయ్యగారు పిన్నికి కబురు చేశారు. జనరేటర్ రొదలో ఆమె మాట సరిగా పడలేదు, టీవీలో వేయాలి, నువ్వు గొంతివ్వమ్మా అని. ఒక కాగితం ఇచ్చారు. కూతుర్ని తన మహిమలోకి పిలుచుకున్నందుకు ప్రభువుకు వందనాలు చెబుతున్నట్టు దాన్లో ఆరు వాక్యాలున్నాయి.

ఆ తర్వాత జరిగింది పిన్ని నాకు చెప్పింది. సౌండ్ ఇంజనీర్‌ని విడిగా అడిగాను. ఇద్దరి మాటలూ కలిశాయి. మొదటి రెండు వాక్యాలూ పెదాల మీద ఎంతో కొంత కూర్చున్నాయి. మూడోది కూర్చోలేదు. డబ్బింగ్ చెప్పేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యేదే. నటి తడబడిందనుకుంటారు, ఒక మాట కుదిస్తారు, ఒక చోట ఊపిరి పీల్చిన చప్పుడు కలుపుతారు, అతికిపోతుంది. కూతురు పోయిన తల్లి కదా, తడబడి ఉంటుందని పిన్ని అనుకుంది. వాక్యాన్ని రెండు ముక్కలు చేసింది. మధ్యలో వెక్కిళ్ళు పెట్టింది. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. చాలా బాగా వచ్చిందని ఇంజనీరు మెచ్చుకున్నాడు.

ప్రసారమైన మర్నాడు ఆ తల్లి మా ఇంటికొచ్చింది. నేను పైనుంచి దిగుతున్నాను. గుమ్మంలోనే నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"అక్కా, గా గొంతు నీదే గదా. నేను గట్ల అనలే."

పిన్ని గుమ్మం దాకా వచ్చింది.

"ఇంటిపక్కోళ్ళ టీవీల చూసిన. అందరు ఏడ్సిండ్రు. నాకు ఏడుపు రాలే. నా నోరు ఆడుతుంది, మాట నాది గాదు. నువ్వు నా బిడ్డకు పాఠాలు చెప్పినవ్. నీకైన తెల్వదా, నేను గట్ల అంటనా?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పిన్ని ఆమె రెండు చేతులూ పట్టుకుని, పెదాలు కలవలేదని తనకు తెలిసిందనీ, తెలిసీ అతికించాననీ చెప్పింది. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

నేను కెమెరా మనిషిని పట్టుకుని అసలు టేపు విన్నాను. జనరేటర్ చప్పుడు ఉంది. మాటలు స్పష్టంగానే ఉన్నాయి. ఆమె అన్నది ఇది: "బిడ్డనిచ్చినందుకు దేవునికి దండం. ఇన్నేండ్లు నా దగ్గర ఉంచినందుకు దండం. తీస్కపోయినందుకు మాత్రం నేను చెప్ప. అదెందుకో ఆయనే నాకు చెప్పాలె. చెప్పేదాంక వస్త, కూసుంట, పాటలు పాడుత. గని దీనికి మాత్రం చెప్ప."

ఈ నగరంలో నేను విన్న ప్రార్థనల్లో ఇంతకన్నా నిజాయితీ గలది లేదు. దాన్నే చెరిపేశారు.

పిన్ని అయ్యగారి ఇంటికి వెళ్ళింది, నన్నూ తీసుకెళ్ళింది. ఆయన దాచలేదు, దబాయించనూ లేదు. ఆమె ఇవాళ చెప్పలేకపోయింది, రేపు చెబుతుంది, ఆ రేపటి మాటను మనం విశ్వాసంతో ముందుగా పలికాం అన్నారు. జ్వరమొచ్చిన పిల్లాడు మందు ఉమ్మేస్తే తల్లి ముక్కు పట్టుకుని పోయదా అని అడిగారు.

"రేపు కూడా ఆవిడ చెప్పకపోతే అయ్యగారూ?"

"దేవుడే చెప్పిస్తాడమ్మా."

"ఆయన చెప్పించేవాడైతే నా డబ్బింగ్ ఎందుకండీ?"

ఆయన ప్రార్థన చేద్దామన్నారు. పిన్ని కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు. ఆయన ప్రార్థనలో, తిరుగుబాటు ఆత్మ అన్న మాట రెండుసార్లు వచ్చింది.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో పిన్ని లేచింది. ఆ రోజు నేను వెళ్ళాను, చాలా ఏళ్ళ తర్వాత. మైకు అందుకుని, టీవీలో వచ్చిన సాక్ష్యంలో గొంతు తనదనీ, ఆ తల్లి ఆ మాటలు అనలేదనీ చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోతుండగా కీబోర్డు మొదలైంది. పాట అందుకున్నారు. మైకు తీసేశారు. ఎన్నో వందల సీన్లలో తల్లుల ఏడుపులు మోసిన గొంతు, మైకు లేకపోతే నాలుగో వరుస కూడా దాటలేదు. దగ్గర్లో కూర్చున్న నాకు వినపడింది. "బలవంతంగా చెప్పించిన స్తుతి ఆయన చెవికెక్కదు" అంటోంది.

వారం తిరగకుండా పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. పిల్లల పాఠాలు ఆపేశారు. ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. అంటే నెలనెలా అందరికీ రొట్టె, ద్రాక్షరసం అందే పళ్ళెం ఆవిడకు అందదు. సంఘం ముందు తప్పు ఒప్పుకుని, అన్నిటి కోసం దేవుడికి స్తోత్రం చెబితే మళ్ళీ అందుతుంది. ఒక్క వాక్యం చాలు.

ఆ ఒక్క వాక్యం ఆవిడ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చాలాకాలం నాకు మొండితనంగానే కనిపించింది. చివరికి ఒకరోజు చెప్పింది. బాబాయి పోయినప్పుడు తననూ లేపి నిలబెట్టారట. చెప్పమన్నారు, చెప్పింది. "ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేకపోయానురా. ఆయన్ని పోగొట్టుకున్న బాధ ఒకటి. అబద్ధం చెప్పిన నోటితో దేవుణ్ణి పిలవలేని బాధ ఇంకొకటి. రెండోదే ఎక్కువ." డబ్బింగ్ గురించి పూర్వం చెప్పిన పోలిక కూడా తప్పని ఒప్పుకుంది. రాసిచ్చిన ఏడుపు ఏడవడం సినిమాలో పని, దేవుడి దగ్గర మాత్రం ఎవరి డైలాగు వాళ్ళే రాసుకోవాలి అంది.

నేను ఈ కథ పత్రికలో రాస్తానన్నాను. టేపు ఉంది, ఇంజనీరు ఉన్నాడు, కాగితం ఉంది. పిన్ని ఒకటే ప్రశ్న వేసింది. "ఆవిడ్ని అడిగావా?" అడగలేదు. అడగాలని తట్టలేదు కూడా. "వాళ్ళు ఆవిడ నోట్లో ఓ మాట పెట్టారు. నువ్వు ఆవిడ నోరు తీసుకెళ్ళి మొదటి పేజీలో పెడతానంటున్నావు" అంది. రాయలేదు. ఇప్పుడు ఇది రాసే ముందు ఆ తల్లిని అడిగాను. "రాయి తమ్మీ. పేరు రాయకు. నేను ఎట్లన్ననో గట్లనే రాయి" అంది ఆమె. పైన ఉన్నది అలాగే ఉంది.

సంఘం మారమని పిన్నికి ఎన్నోసార్లు చెప్పాను. టోలిచౌకి దారిలో ఇంకో సంఘం ఉంది, అక్కడ ఎవరూ ఏమీ అడగరు అన్నాను. "వీళ్ళు నన్ను దూరం పెట్టారు, ఆయన పెట్టలేదు కదా" అనేది. ఆరేళ్ళు చివరి వరుసలో కూర్చుంది. పక్కనే ఆ తల్లి. టీవీలో స్తోత్రం చెప్పేసింది కాబట్టి ఆమెకు బల్ల ఉంది. పళ్ళెం పట్టుకున్న మనిషి మా పిన్నిని దాటి ఆమె ముందు ఆగేవాడు. ఆమె తీసుకోకుండా తల అడ్డంగా ఊపేది. ఆరేళ్ళూ ఇదే. మూణ్ణెల్లకోసారి ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, ఒక్క మాటేనమ్మా అనేవాడు. పిన్ని టీ ఇచ్చేది. "చెప్పాలనిపించినప్పుడు చెబుతానయ్యా. చెప్పమన్నందుకు చెప్పను" అనేది. భోజనానికి ముందు ప్రార్థనలు మాత్రం తగ్గలేదు. ఆ జాబితాలోకి టీ తాగి వెళ్ళిన పెద్దమనిషి కూడా చేరాడు, ఎండలో నడిచొచ్చినందుకు.

చివరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. గొంతులో గొట్టం ఉంది, మాట లేదు. గొట్టం పీకేయకుండా రెండు చేతుల్నీ మంచం కమ్మీలకు గుడ్డతో కట్టారు. తొమ్మిదో రోజు అయ్యగారు వచ్చారు. నేను గదిలోనే ఉన్నాను. ఆయన వంగి, "సహోదరీ, అన్నిటి కోసం ప్రభువుకు స్తోత్రం చెబుతున్నావా? చెబుతుంటే చెయ్యెత్తమ్మా" అన్నారు. కుడిచెయ్యి లేచింది. గుడ్డ సాగినంత మేర, రెండంగుళాలు. వెనక నుంచి నర్సు, "సక్షన్ కావాలేమో సార్, గొట్టంల గళ్ళ పడితే చెయ్యి గట్లనే లేపుతది, జర పక్కకు జరగండి" అంది.

చెయ్యి లేచిన మాట నిజం. ఎందుకు లేచిందో నాకు తెలియదు. నర్సుకు ఒక అంచనా ఉంది. అయ్యగారికి అంచనా లేదు, నమ్మకం ఉంది. ఆయన వెళ్ళాక పిన్నిని అడుగుదామనుకున్నాను, చెయ్యి ఎందుకెత్తిందో. అడిగితే నేనూ చెయ్యెత్తమనే అనాలి. మానేశాను.

ఇక నేను చేసిన పని. సమాధుల తోటలో చోటుకు సంఘం ఉత్తరం కావాలి. దూరం పెట్టిన మనిషికి ఉత్తరం ఇవ్వరు. ఇప్పుడు ఇబ్బందేం లేదు బాబూ, ఆవిడ స్తోత్రం చెప్పారుగా అని కాగితం నా ముందు పెట్టారు. సంఘంతో సమాధానపడిన సభ్యురాలు అని అందులో అచ్చయి ఉంది. కింద దగ్గరి బంధువు సంతకం. బాబాయి పక్కన చోటు ఆవిడ ఎప్పుడో అడిగి పెట్టుకుంది. బయట వ్యాన్‌లో శవం ఉంది. ఆధారం లేని వాక్యం కింద నేను సంతకం పెట్టాను. ఆరేళ్ళు ఆవిడ చెప్పనిది, అర నిమిషంలో ఆవిడ తరఫున నేను చెప్పాను. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. నాది కాస్త ఆలస్యమైంది. మా పిన్ని సంఘంతో సమాధానపడినట్టు ఆధారం లేదు. అన్నిటి కోసం స్తోత్రం చెప్పినట్టూ లేదు. గ్యాస్ బండ మోసిన అబ్బాయి కోసం చెప్పింది. అది నేను విన్నాను.

మూడో రోజు అదే హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. లోపలికి వెళ్ళేవాళ్ళకు ఆవిడ ఫొటో అచ్చేసిన అట్ట కార్డు ఒక్కొక్కటి ఇచ్చారు. ఏసీ పనిచేయడం లేదు. మన సహోదరి కట్టేసిన చేతిని కూడా ఎత్తి స్తుతించింది అని అయ్యగారు చెప్పారు. జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ చేతిని తలచుకుని అందరం లేచి నిలబడి స్తోత్రం చెబుదాం అన్నారు. కుర్చీలన్నీ ఒక్కసారి కదిలిన చప్పుడు. హాలంతా లేచి పాట అందుకుంది. చివరి వరుసలో ఆ తల్లి లేవలేదు. ఆమె పక్క కుర్చీలో నేనూ లేవలేదు. ముందంతా వీపులే, వేదిక కనపడటం లేదు. ఆమె చెప్పులు విడిచి, కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుని, ఆ అట్ట కార్డుతో విసురుకుంటోంది. కాసేపటికి నా వైపు చూడకుండానే చెయ్యి కొంచెం ఇటు తిప్పింది. పాట అయ్యేంతవరకూ ఆ గాలి నాకూ తగులుతూనే ఉంది.